పడవ కింద ఎన్ని సెంట్లు?

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో ఫిష్ ఫైండర్లు, జీపీఎస్‌లు, వైర్‌లెస్ సెట్లు బిగించడం, చెడిపోతే బాగుచేయడం నా పని. కొత్త మిషను పెట్టిన ప్రతి బోటులోనూ డ్రైవర్లు రెండు మాటలు అడుగుతారు. ఎంత లోతు చూస్తుంది? చేప ఎంతుందో చెప్తుందా? ఎంత వెడల్పు చూస్తుంది అని అడిగేవాళ్లు బహు తక్కువ. నాకేమో అన్నిటికంటే ముందు తెలియాల్సింది ఆ వెడల్పే అనిపిస్తుంది. అది తెలియని డ్రైవరు చేతిలో ఎంత ఖరీదైన తెరైనా రంగుల బొమ్మే.

మాది మొరప్పూర్. తమిళనాడు ధర్మపురి జిల్లాలో, జోలార్‌పేట నుంచి సేలం పోయే రైలు దారి మీద ఉంటుంది. ఇంట్లో తెలుగు, వీధిలో, బళ్లో తమిళం. తెలుగు రాయడం నేను విశాఖ వచ్చాకే నేర్చుకున్నాను. 1941లో ఎత్తేసిన ధర్మపురి చిన్నరైలు కట్ట పక్కన మా చేను. మా ఇళ్లలో ఏ భాషలో మాట్లాడినా నేలను కొలిచేది సెంట్లలోనే. ఇక్కడ జాలరి ఇళ్లలోనూ అంతే, ఇంటి స్థలం అంటే ఎన్ని సెంట్లు అనే అడుగుతారు. అందుకే మిషను చూసే నీటి అడుగు నేలను కూడా చదరపు మీటర్లలో చెప్పి వదిలెయ్యను, సెంట్లలోకి మార్చి చెప్తాను. ఒక సెంటు అంటే 40 చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ. అలా చెప్పగానే మనిషి కళ్ల ముందు స్థలం పరుచుకుంటుంది.

మిషను చేసే పని పెద్ద చిక్కైనది కాదు. బోటు అడుగున బిగించిన ట్రాన్స్‌డ్యూసర్ చిన్న చప్పుడు ఒకటి కిందికి పంపుతుంది. అది నేలకో, చేపకో తగిలి వెనక్కి వస్తుంది. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. మన బంగాళాఖాతం పైనీళ్లు వెచ్చగా ఉంటాయి కాబట్టి ఇంకొంచెం వేగం. వెళ్లిరావడానికి పట్టిన కాలాన్ని బట్టి లోతు కడుతుంది. అంతే. ఆ ప్రతిధ్వని ఎటునుంచి వచ్చిందో ఈ మామూలు మిషనుకు తెలియదు. సరిగ్గా కింద ఉన్న చేపైనా, పక్కకు పది మీటర్ల దూరంలో ఉన్న చేపైనా, తెర మీద రెండూ ఒకే నిలువు గీత మీద పడతాయి.

ఆ చప్పుడు కిందికి పోయేకొద్దీ బ్యాటరీ లైటు వెలుగులా విచ్చుకుంటుంది. పైన సన్నం, కింద వెడల్పు. ఎంత విచ్చుకుంటుందో చెప్పేదే కోణం. 200 కిలోహెర్ట్జ్ మీద నడిచే ట్రాన్స్‌డ్యూసర్‌కు 12 డిగ్రీలు, అదే దాన్ని 50 మీద నడిపితే 45 డిగ్రీలు, ఇలాంటి అంకెలు దాని పుస్తకంలో ఉంటాయి. లోతును ఆ కోణంలో సగానికి టాంజెంట్‌తో గుణించి రెండింతలు చేస్తే నేల మీద పడే వలయానికి వ్యాసం వస్తుంది. కేబిన్‌లో స్టీరింగు పట్టుకున్న మనిషికి టాంజెంట్ ఎందుకు? నేను వాళ్లకు వంతులు చెప్తాను. 12 డిగ్రీలైతే వ్యాసం లోతులో ఐదో వంతు. 20 డిగ్రీలైతే మూడో వంతుకు కాస్త ఎక్కువ. 45 అయితే ఆరింట ఐదు వంతులు. 60 అయితే లోతును మించిపోతుంది. వంతుల్లో సుఖం ఏమిటంటే మీటర్లలో చూసుకున్నా, అడుగుల్లో చూసుకున్నా, మన పెద్దవాళ్లు తాడు దించి కొలిచిన బారల్లో చూసుకున్నా లెక్క మారదు. ముప్ఫై బారల నీళ్లలో 12 డిగ్రీల సన్న కిరణం ఆరు బారల వెడల్పు చూస్తుంది, 45 డిగ్రీల వెడల్పాటిది ఇరవయ్యైదు బారలు.

ఇప్పుడు సెంట్లు. ముప్ఫై బారలంటే సుమారు 55 మీటర్లు. వ్యాసాన్ని వ్యాసంతోనే గుణించి, వచ్చినదాన్ని 0.785తో గుణిస్తే వైశాల్యం. సన్న కిరణానికి వ్యాసం 11.6 మీటర్లు, వైశాల్యం 105 చదరపు మీటర్లు. రెండున్నర సెంట్లన్నమాట, చిన్న ఇల్లు కట్టుకునేంత చోటు. వెడల్పాటి కిరణానికి 45.6 మీటర్లు, 1630 చదరపు మీటర్లు. నలభై సెంట్లు! ఒకే బోటు, ఒకే లోతు, ఒకే ట్రాన్స్‌డ్యూసర్. మీట ఒకటి నొక్కితే రెండున్నర సెంట్లు నలభై అవుతాయి. తెర మీద మాత్రం రెండు బొమ్మలూ ఒకే వెడల్పులో కనిపిస్తాయి. అక్కడే అంతా మోసపోతారు.

ఇంకో మాట. లోతు రెట్టింపైతే వ్యాసం రెట్టింపు అవుతుంది, వైశాల్యం మాత్రం నాలుగింతలు. అరవై బారల దగ్గర ఆ నలభై సెంట్లు ఎకరన్నర దాటుతాయి.

ఒక సీజన్‌లో, వేటనిషేధం ఎత్తేసిన కొత్తలో, ఓ ట్రాలర్ డ్రైవరు నా దగ్గరికి వచ్చాడు. చాలా ఏళ్ల అనుభవం ఉన్నవాడు.

"ఏటి మేస్త్రీ, నువ్వెట్టిన మిషను నిండా సేపలే. వల లాగితే బుట్టెడు లేవు. మిషను తప్పా, నా వల తప్పా?"

"ఏ ఫ్రీక్వెన్సీ మీద పెట్టావన్నా?"

"యాభై. లోతు బాగా అందుద్దని నువ్వే సెప్పావు గదా."

ఇద్దరం కలిసి లెక్క కట్టాం. అతను పోయిన లోతులో ఆ కిరణం నలభై సెంట్ల నేలను ఒక్క గీతలోకి కుక్కుతోంది. గుంపు వలయం అంచున ఎక్కడో ఉన్నా కిందే ఉన్నట్టు చూపిస్తుంది. వల మాత్రం బోటు వెనకాల, తన దారిన తను పోతుంది. 200కు మార్చుకుని అదే చోట మళ్లీ తిప్పమన్నాను. గుంపు కనిపించకపోతే అది పక్కన ఉందని అర్థం. బోటును కొంచెం కొంచెం ఎడమకు, కుడికి జరుపుకుంటూ వెతుక్కోవాలి. వెడల్పాటి కిరణంతో వెతకడం, సన్న కిరణంతో ఖాయం చేసుకోవడం. ఇప్పుడు అతను రెండూ పక్కపక్కన పెట్టుకునే నడుపుతున్నాడు.

తెరను చదవడంలో ఇంకో చిక్కుంది. అడ్డంగా కనిపించేది దూరం కాదు, కాలం. కుడి అంచు ఇప్పటిది, ఎడమకు పోయేకొద్దీ గడిచిపోయింది. చేప వలయం అంచులోకి రాగానే ఏటవాలు దూరం ఎక్కువ కాబట్టి కిందుగా కనిపిస్తుంది, బోటు దాని మీదికి వచ్చేసరికి పైకి లేస్తుంది, దాటిపోతుంటే మళ్లీ కిందికి వాలుతుంది. అందుకే విల్లు వంపులో గీత పడుతుంది. ఆ వంపు ఎంత పొడుగుంటే చేప అంత పెద్దదని హార్బర్‌లో సగంమంది నమ్మకం. లెక్క చూడండి. బోటు గంటకు 3 నాటికల్ మైళ్ల వేగంతో, అంటే సెకనుకు ఒకటిన్నర మీటరు పోతోంది. కిరణం 12 డిగ్రీలు. పది మీటర్ల లోతులో వలయం రెండు మీటర్లే, చేప సెకనున్నరలోపే దాటిపోతుంది. 55 మీటర్ల అడుగున ఉన్న చేప ఏడెనిమిది సెకన్లు కనిపిస్తుంది. పైనున్న చేప పెద్దదైనా చుక్కలాగే పడుతుంది, అడుగునున్నది చిన్నదైనా పొడుగాటి వంపు గీస్తుంది. పరిమాణం చూడాలంటే వంపు పొడుగు కాదు, గీత మందం, రంగు ముదురు చూడాలి. అదీ లోతును దృష్టిలో పెట్టుకునే.

వెడల్పాటి కిరణం అడుగున ఉండే చేపను దాచేస్తుంది కూడా. ఇది చాలామందికి నమ్మశక్యం కాదు, అందుకని కాగితం మీద గీసి చూపిస్తాను. నేల ప్రతిధ్వని మొదట సరిగ్గా కిందనుంచి, అంటే దగ్గరి దారిన వస్తుంది. వలయం అంచున నేలకు కాస్త పైన ఉన్న చేప ఏటవాలుగా ఉంటుంది కాబట్టి దాని ప్రతిధ్వని నేల ప్రతిధ్వని వచ్చాకే వస్తుంది. ఆ గట్టి గీతలో కలిసిపోతుంది. 55 మీటర్ల లోతులో 45 డిగ్రీల కిరణం అంచున నేలనుంచి నాలుగు మీటర్ల ఎత్తు దాకా ఇలా గుడ్డిదే. 12 డిగ్రీల కిరణానికైతే అడుగు ఎత్తు కూడా ఉండదు. అడుగు చేపల మీద బతికే ట్రాలర్లకు నేను 200 మీదే ఎక్కువసేపు పెట్టమని చెప్పేది అందుకే.

కోణం ఎందుకు మారుతుందో కూడా చెప్పాలి. శబ్దం అల పొడవు, ట్రాన్స్‌డ్యూసర్ లోపలి బిళ్ల వెడల్పు, ఈ రెండింటి నిష్పత్తే కోణాన్ని నిర్ణయిస్తుంది. 200 కిలోహెర్ట్జ్‌లో అల పొడవు ఏడున్నర మిల్లీమీటర్లు, 50లో మూడు సెంటీమీటర్లు. బిళ్ల అదే ఉండి అల నాలుగింతలైతే కోణమూ సుమారు నాలుగింతలవుతుంది. 50లో కూడా సన్న కిరణం కావాలంటే బిళ్ల పెద్దది కావాలి, దానికి ఖర్చూ, బోటు అడుగున చోటూ కావాలి. శబ్దంతో చేపల్ని వెతకడం కొత్త సంగతి కాదు. జపాన్‌లో కిమురా అనే పరిశోధకుడు 1929లో చేపల చెరువులో అల్ట్రాసౌండ్‌తో చేపల జాడ పట్టి చూపించాడు. 1935లో నార్వే శాస్త్రవేత్త ఆస్కార్ సుండ్ లోఫోటెన్ దగ్గర కాడ్ చేపల గుంపుల గీతలను అచ్చు వేయించాడు. నాగసాకిలో ఫురునో అన్నదమ్ములు 1948లో ఈ పద్ధతిని జాలరి బోటులో పెట్టి అమ్మే మిషనుగా చేశారు. మిషన్లు ఎన్ని మారినా ఈ నిష్పత్తి మారలేదు.

కిరణానికి అంచు గీసినట్టు ఉండదు. నడుమ గట్టిగా ఉండి, పక్కలకు పోయేకొద్దీ పలచబడుతుంది. పుస్తకంలో రాసిన కోణం సాధారణంగా బలం సగానికి పడిపోయే చోటు. అక్కడ పోయేటప్పుడు సగం, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ సగం, అంటే ప్రతిధ్వని నాలుగో వంతే దక్కుతుంది. కొందరు తయారీదారులు బలం పదో వంతుకు పడే చోటును కోణంగా రాస్తారు. అప్పుడు అదే 12 డిగ్రీల బిళ్ల 20 డిగ్రీలదైపోతుంది. వ్యాసం ఐదో వంతు కాస్తా మూడో వంతవుతుంది, సెంట్లు దాదాపు మూడింతలు. బిళ్ల మాత్రం అదే.

ఈ అంచును చేత్తో కొలిచి చూడాలన్న కోరిక ఊరికి పోయినప్పుడు తీరింది. మా అక్క కొడుకు చేపలు పట్టే పిచ్చి ఉన్నవాడు. చిన్న బ్యాటరీతో నడిచే 20 డిగ్రీల ఫిష్ ఫైండర్ ఒకటి కొన్నాడు. "మామా, ఇది ఎంత చోటు చూస్తాది?" అని నేను మొరప్పూర్ పోయినప్పుడల్లా అడిగేవాడు. నోటితో చెప్పడం కంటే చూపించడం మేలని పెన్నాగరం దాటి నాగమరై రేవుకు తీసుకుపోయాను. అక్కడ కావేరి అంటే మెట్టూరు ఆనకట్ట వెనకాల నిలిచిన స్టాన్లీ జలాశయం. 1934లో కట్టిన ఆనకట్ట, నిండితే 120 అడుగులు. రేవులో పుట్టి అడిగి తీసుకున్నాం. పుట్టి ఊరికే గిర్రున తిరుగుతుంది, కాబట్టి రెండు పుట్లు కలిపి కట్టి, రెండు పక్కలా రాళ్లు లంగరు దించాం. వెదురు గడ మీద అడుగడుక్కీ గుర్తులు పెట్టి, దాని కొసకు నైలాన్ దారంతో ఇనప గుండు కట్టి సరిగ్గా పది మీటర్లకు దించాం. గుండు ట్రాన్స్‌డ్యూసర్ కిందనే ఉన్నప్పుడు తెర మీద ముదురు గీత. గడను మెల్లగా బయటికి జరుపుతుంటే గీత పలచబడుతూ వచ్చింది. పది మీటర్ల దగ్గర వలయం అర్ధవ్యాసం లెక్క ప్రకారం 1.76 మీటర్లు. గెయిన్, అంటే ప్రతిధ్వనిని పెంచి చూపే మీట, మధ్యలో ఉంచితే దాదాపు అక్కడే గుండు మాయమైంది. గెయిన్ పూర్తిగా పెంచితే ఇంకో రెండడుగుల దాకా కనిపిస్తూనే ఉంది. గుండు దూరం పోయేకొద్దీ మిషను దాని లోతు కొంచెం ఎక్కువ చూపడం కూడా పిల్లవాడు గమనించాడు. విల్లు వంపు ఎందుకొస్తుందో వాడికి ఇంక నేను చెప్పక్కర్లేకపోయింది.

ఆ జలాశయంలో ఈ లెక్కకు ఇంకో అవసరం ఉంది. నాగమరైకి ఎదురుగా, అవతలి గట్టున పన్నవాడి. నీటిమట్టం బాగా పడిపోయిన ఏడాది అక్కడ మునిగిపోయిన ఊరి చర్చి గోపురం, నంది బయటికి వస్తాయి. నీళ్లున్నప్పుడు అవి వలలు చింపేస్తాయి. పక్కనుంచి పోతున్న పుట్టికి వెడల్పాటి కిరణం ఉన్న మిషను పెడితే అలాంటి కట్టడం సరిగ్గా కిందే, ఉన్నదానికంటే లోతున ఉన్నట్టు చూపుతుంది. వల ఎటు తప్పించాలో తెలియాలంటే కిరణం సన్నంగా ఉండాలి, లేదా ఆ చోటు మీద రెండు దిక్కుల్లో దాటి చూసుకోవాలి. ఇరవై మీటర్ల నీళ్లలో 20 డిగ్రీల కిరణం చూసేది దాదాపు సరిగ్గా ఒక సెంటు. బొచ్చె, శీలావతి కోసం పుట్టిలో తిరిగేవాళ్లకు ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు.

మళ్లీ సముద్రానికి వస్తే, అలల మీద వలయం ఒకచోట నిలవదు. బోటు పది డిగ్రీలు ఒరిగితే 55 మీటర్ల అడుగున వలయం నడిబొడ్డు దాదాపు పది మీటర్లు పక్కకు పోతుంది. సన్న కిరణం అర్ధవ్యాసం ఆరు మీటర్లే. అంటే ఒరిగిన ప్రతిసారీ మిషను వేరే నేలను చూస్తోందన్నమాట. గాలివాటు ఎక్కువున్న రోజు సన్న కిరణంలో గుంపు తునకలు తునకలుగా పడితే మిషనును తిట్టకూడదు. ఆ రోజుకు వెడల్పాటిదే నయం.

ఇదంతా ట్రాన్స్‌డ్యూసర్ సరిగా కూర్చున్నప్పటి మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. బోట్లు ఒడ్డుకెక్కే ఆ రెండు నెలలే నాకు ఊపిరి సలపని పని. అడుగున అంటుకున్న గుల్లలు గీకించాలి, బిళ్ల ముఖం మీద మందంగా రంగు పూయకుండా కాపలా కాయాలి. బోటు నీళ్లలో ఉన్నప్పుడు దాని ముందు భాగం ఎంత లేస్తుందో చూసుకుని, ట్రాన్స్‌డ్యూసర్ నిట్టనిలువుగా ఉండేలా చెక్క దిమ్మ చెక్కించాలి. ఐదు డిగ్రీలు వంగి బిగిస్తే వలయం ముందుకో వెనక్కో శాశ్వతంగా జరిగిపోయినట్టే. ప్రొపెల్లర్‌కు దూరంగా, పలకల అతుకులు లేని చోట పెట్టాలి. లేకపోతే కిరణానికి ముందు నీటి బుడగలే ప్రతిధ్వని ఇస్తాయి.

చేపలన్నీ ఒకేలా కనిపించవని కూడా చెప్పాలి. శబ్దాన్ని తిప్పికొట్టేది ఎక్కువగా చేప కడుపులోని గాలితిత్తి. కచిడి చేప దొరికితే లక్షలు పలికిందని పత్రికల్లో చూస్తుంటాం కదా, ఆ ధర దాని గాలితిత్తికే. మిషనుకు గట్టిగా బదులిచ్చేదీ అలాంటి తిత్తే. వంజరానికి గాలితిత్తి లేదు, సొరకూ లేదు. అందుకే పెద్ద వంజరం కూడా వలయం నడుమ ఉంటేనే సరిగ్గా కనబడుతుంది, అంచుకు పోతే మాయమవుతుంది. అంటే కోణం ఒకటే అయినా కచిడికి ఎక్కువ సెంట్లు, వంజరానికి తక్కువ సెంట్లు. వలయం చేపను బట్టి కూడా పెరుగుతుంది, తగ్గుతుంది.

డ్రైవర్లకు ఆఖరున చెప్పేది వల సంగతి. 55 మీటర్ల లోతులో ఐదింతల తాడు వదిలితే వల బోటు వెనక సుమారు 275 మీటర్ల దూరంలో ఉంటుంది. ట్రాలింగ్ వేగంలో ఆ దూరానికి మూడు నిమిషాలు. తెర మీద కనిపించిన గుంపు దగ్గరికి వల మూడు నిమిషాల తర్వాత చేరుతుంది. గుంపు కదులుతుంది, నీటి ప్రవాహం వలను పక్కకు లాగుతుంది. ఇక వెతకడం మాట. అదే వేగంలో, అదే లోతులో గంటసేపు నడిస్తే సన్న కిరణం 16 ఎకరాల పట్టీని, వెడల్పాటిది 60 ఎకరాలు దాటిన పట్టీని చూస్తాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉపగ్రహాల సాయంతో, సముద్రపు వేడినీ, పచ్చనాచు రంగునూ చూసి చేపలుండే అవకాశమున్న ప్రాంతాలు చెప్తుంది. ఆ ప్రాంతం కిలోమీటర్లలో ఉంటుంది. అందులో 16 ఎకరాలు ఎటు పెట్టాలో, 60 ఎకరాలు ఎటు పెట్టాలో నిర్ణయించుకోవడమే డ్రైవరు పనితనం. నేను చూసిన మంచి డ్రైవర్లు వెడల్పాటి కిరణంతో అడ్డంగా, మడతలు మడతలుగా తిరుగుతారు. గుంపు తగిలాక జీపీఎస్‌లో గుర్తు పెట్టి, వెనక్కి తిరిగి, సన్న కిరణంతో మళ్లీ దాని మీదుగా వస్తారు. రెండోసారీ కనిపిస్తేనే వల.

కొత్త మిషను కొనేవాళ్లు కొట్లో తెర ఎన్ని అంగుళాలని అడగకముందు ట్రాన్స్‌డ్యూసర్ కోణం ఎంతని, అది బలం సగానికి పడే చోటా పదో వంతుకు పడే చోటా అని అడగాలి. కొట్టువాడు చెప్పలేకపోతే ట్రాన్స్‌డ్యూసర్ మీదున్న నంబరు రాసుకుని హార్బర్‌కు తీసుకురండి. కోణం నేను చూసి చెప్తాను, మీరు తిరిగే లోతుకు ఎన్ని సెంట్లవుతాయో అక్కడే కూర్చుని లెక్క కడదాం.